తొలిసారి అరిసెలు: తడిపిండి, పాకం, వేపుడు

అరిసెలు వండే పెద్దవాళ్లను కొలతలు అడిగితే బియ్యం ఎంతో చెబుతారు, బెల్లం ఎంతో చెబుతారు. పాకంలో పిండి ఎంత పోయాలని అడిగితే మాత్రం “పట్టినంత” అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది దాటవేసినట్టు అనిపిస్తుంది. నిజానికి అంతకంటే ఖచ్చితమైన జవాబు ఇంకొకటి లేదు. పిండిలో తడి ఏ రోజుకారోజు మారుతుంది. బెల్లం రకాన్ని బట్టి, పాకం ఎక్కడ ఆపామన్నదాన్ని బట్టి అది పీల్చుకునే పిండి కూడా మారుతుంది. కాబట్టి పిండిని తూచి పోసేస్తే కుదరదు. ఎక్కడ ఆపాలో చేతికి, కంటికి తెలియాలి. ఆ గుర్తులు ఏమిటో తెలిస్తే మొదటిసారే మంచి అరిసెలు వస్తాయి.

ఇంట్లో అరిసెలు వండే అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఈసారి ఆవిడ వండుతున్నప్పుడు ఒక త్రాసు పక్కన పెట్టుకోండి. ఆవిడ కొలిచే గ్లాసులో బియ్యం ఎన్ని గ్రాములు పడతాయో, బెల్లం ఎంత తీసుకున్నారో, చివరికి పిండి ఎంత మిగిలిందో రాసుకోండి. అంతకన్నా ముఖ్యం, పాకం దించే ముందు పళ్లెంలోని పాకం ఉండను మీ వేళ్లతో ఒకసారి నొక్కి చూడండి. మీ ఇంటి అరిసె మెత్తనిదా, గట్టిదా అన్నది ఆ ఉండలోనే ఉంటుంది.

ఎంత చేయాలి

మొదటిసారికి అరకిలో బియ్యం సరైన లెక్క. ఇంకా తక్కువ చేస్తే బెల్లం కొంచెమే ఉంటుంది కనుక పాకం క్షణాల్లో ముదిరిపోయి మీ చేయి దాటిపోతుంది. కిలో పైన చేస్తే పిండి కలపడానికి బలమైన చేతులు కావాలి, కొత్తవాళ్లు మధ్యలోనే అలిసిపోతారు. అరకిలోకి 40 గ్రాముల ఉండ లెక్కన సుమారు 25 అరిసెలు వస్తాయి.

బియ్యం – 500 గ్రాములు
బెల్లం – 375 గ్రాములు, తీపి ఎక్కువ కావాలంటే 400
నీళ్లు – 100 మి.లీ.
నెయ్యి – 2 టేబుల్ స్పూన్లు, చేతికి రాసుకోవడానికి మరికొంచెం
నువ్వులు – 2 టేబుల్ స్పూన్లు
యాలకులు – 8, పొడి చేసి
వేయించడానికి నూనె – ముప్పావు లీటరు

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అని ఇళ్లలో చెప్పే లెక్క ఇదే. నువ్వుల బదులు గసగసాలు వేసుకోవచ్చు.

బియ్యం, పిండి

పచ్చి బియ్యమే వాడాలి. లావు గింజ రకమైతే మరీ మంచిది, అందుకే లావుగా ఉండే రేషన్ బియ్యంతో అరిసెలు చేసేవాళ్లు ఉన్నారు. ఉప్పుడు బియ్యం పనికిరాదు. అది ఒకసారి ఉడికి ఆరిన గింజ, దాని పిండి పాకంతో కలిసే తీరే వేరు. బాస్మతి లాంటి పొడి పొడి బియ్యం కూడా వద్దు, అరిసెకు జిగురు కావాలి.

బియ్యాన్ని మూడు నాలుగుసార్లు కడిగి, గింజల పైన నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు పోసి, 24 గంటలు నానబెట్టండి. 12 గంటలకే తీసి చేసేవాళ్లున్నారు కానీ మొదటిసారి పూర్తి రోజు ఉంచడమే మేలు. ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. ఇది మానేస్తే బియ్యం పులిసి వాసన పడుతుంది, ఎన్ని యాలకులు వేసినా ఆ వాసన పోదు. ఒక గింజను రెండు గోళ్ల మధ్య నొక్కి చూడండి. మధ్యలో పలుకు తగలకుండా పిండిలా నలిగిపోతే బియ్యం నానినట్టు.

నీళ్లు వంపేసి అరగంట చిల్లుల గిన్నెలో ఉంచండి. తర్వాత పొడి గుడ్డ మీద నీడలో పది పదిహేను నిమిషాలు పరవండి. ఫ్యాను వేయొద్దు, ఎండలో పెట్టొద్దు. చాలామంది అరిసెలు ఇక్కడే పాడవుతాయి. ఆరబెట్టమన్నారు కదా అని గంటా రెండు గంటలు వదిలేస్తే తడి పోతుంది. ఆ పిండి పాకంలో పడగానే పాకంలోని నీటినంతా లాగేసుకుంటుంది, ముద్ద బిగుసుకుపోతుంది, అరిసె రాయవుతుంది. గుప్పెడు బియ్యం పట్టుకుంటే అరచేతికి చల్లగా తగలాలి, నాలుగైదు గింజలు అంటుకోవాలి, నీటి బొట్టు మాత్రం కనిపించకూడదు. త్రాసు ఉంటే తూచండి. అరకిలో బియ్యం ఈ దశలో 630 నుంచి 650 గ్రాముల దాకా తూగుతుంది. 600 కన్నా తగ్గితే ఆరిపోయినట్టే. నీళ్లు చిలకరించి, కలిపి, మూతపెట్టి అరగంట ఆగండి.

వెంటనే పిండి పట్టించాలి. మరకు తీసుకెళితే తడిపిండి అని ముందే చెప్పండి. మిక్సీలో అయితే జార్‌లో సగానికి మించకుండా వేసి, ఆగి ఆగి తిప్పండి. ఏకధాటిగా తిప్పితే జార్ వేడెక్కి పిండి ఆరుతుంది, అడుగున గడ్డకడుతుంది. సన్నని జల్లెడలో జల్లించి, పైన మిగిలిన నూకను మళ్లీ మిక్సీలో వేయండి. నూక మిగిలితే అరిసె నూనెలో అక్కడక్కడా పగులుతుంది, పంటి కింద పలుకుగా తగులుతుంది. పిండిని గిన్నెలో చేత్తో అదిమి, పైన తడిగుడ్డ కప్పండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తోస్తే విడిపోవాలి. అదే సరైన తడి.

దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు రావు. నీళ్లు చల్లి తడిపినా రావు, ఎందుకంటే ఆ తడి పిండి పైపైనే ఉంటుంది. నానిన గింజలో తడి లోపలి దాకా ఉంటుంది, వేడి పాకం తగలగానే పిండి సగం ఉడికేది దానివల్లే.

పాకం

పొయ్యి వెలిగించే ముందు పిండి జల్లించి సిద్ధంగా ఉండాలి, నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి చేతికందేలా ఉండాలి, పళ్లెంలో చల్లని నీళ్లు పోసి ఉండాలి. పాకం వచ్చాక వెతుక్కునే సమయం ఉండదు.

బెల్లం కొంచెం నాలుక మీద వేసుకుని చూసి కొనండి. ఉప్పగా తగిలితే వద్దు. అరిసె రుచంతా బెల్లానిదే. అనకాపల్లి బెల్లం లాంటి మంచి బెల్లం, కాస్త ముదురు రంగులో ఉన్నది తీసుకోండి. పచ్చగా తళతళలాడే బెల్లం కన్నా దానితో వండిన అరిసెకే రంగూ రుచీ బాగుంటాయి.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. తరిగిన బెల్లంలో 100 మి.లీ. నీళ్లు పోసి సన్నని మంట మీద కరిగించండి. పూర్తిగా కరిగాక వడకట్టి, గిన్నె కడిగి, మళ్లీ అందులోనే పోయండి. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి కనుక ఈ పని తప్పించుకోలేరు. నీళ్లు ఎక్కువ పోసినా ప్రమాదమేమీ లేదు, మరగడానికి సమయం పడుతుంది, అంతే. కరిగిన బెల్లం తెర్లడానికి ముందు గట్టి మంట పెడితే మాత్రం అడుగంటి చేదెక్కుతుంది.

ఇక మధ్యస్థ మంట మీద మరగనివ్వండి. మొదట పెద్ద పెద్ద నురగలు పైకి లేస్తాయి. కాసేపటికి నురగ అణిగి, బుడగలు చిన్నవై, చిక్కగా, మెరుస్తూ, నెమ్మదిగా పగులుతుంటాయి. అక్కడి నుంచి నిమిషానికొకసారి పరీక్షించాలి. ఈ కొలతకు మరగడం మొదలయ్యాక సుమారు 8 నుంచి 12 నిమిషాలు పడుతుంది కానీ గడియారాన్ని నమ్ముకోవద్దు. పరీక్షించిన ప్రతిసారీ మంట పూర్తిగా తగ్గించండి, లేకపోతే మీరు పళ్లెం వైపు చూస్తున్న ఆ అరనిమిషంలోనే పాకం దాటిపోతుంది.

అర చెంచా పాకం పళ్లెంలోని నీళ్లలో వేయండి. కరిగిపోయి నీళ్లకు రంగు వస్తే ఇంకా చాలా దూరం ఉంది. అడుగున తీగలా పడి ఉండి, వేళ్లతో దగ్గరికి తీస్తే జారిపోతుంటే దగ్గర పడింది, మంట ఇక సన్నగానే ఉంచండి. వేళ్లతో కూడదీస్తే వెన్నలా మెత్తని ఉండ అవ్వాలి. నీళ్లలోంచి పైకి తీసి వేలి మీద పెట్టుకుంటే కూలిపోకుండా నిలవాలి, కానీ నెమ్మదిగా బల్లపరుపుగా పరుచుకోవాలి. అది లేత ఉండపాకం, మెత్తని అరిసెకు అక్కడే పొయ్యి ఆపాలి. ఉండ గుండ్రంగా నిలిచి, వేలితో నొక్కితేనే అణిగేలా ఉంటే ముదురు ఉండపాకం. దానితో చేసిన అరిసెలు గట్టిగా ఉంటాయి, ఎక్కువ రోజులు నిలవ ఉంటాయి. పళ్లేనికి కొడితే టంగుమనేది వేరుశనగ ఉండలకు పట్టే పాకం, అరిసెలకు అంతదాకా రానివ్వకూడదు. వంటగదిలో పాకానికి పనికొచ్చే థర్మామీటర్ ఉంటే 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆపండి, అయినా చివరి మాట పళ్లేనిదే.

లేత ఉండకూ ముదురు ఉండకూ మధ్య ఈ కొలతలో ఒక నిమిషం కూడా ఉండకపోవచ్చు. పాకం దాటిపోయిందని పిండి పోయకముందే తెలిస్తే భయపడాల్సిన పని లేదు. పొయ్యి ఆపి, దూరంగా నిలబడి రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోసి, కలిపి, మళ్లీ మరిగించి మొదటి నుంచి పరీక్షించండి. పిండి పడ్డాక తెలిస్తే సరిదిద్దడం కష్టం. పాకం నూనె కన్నా ఘోరంగా కాలుస్తుంది, చర్మానికి అంటుకుని వదలదు. పిల్లల్ని ఈ పావుగంట వంటగదిలోకి రానివ్వకండి.

పిండి కలపడం

పొయ్యి ఆపగానే నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి ఒకసారి కలపండి. ఇప్పుడు ఒకరు గుప్పెడు గుప్పెడు పిండి చల్లుతుంటే ఇంకొకరు చెక్క తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ఒక్కరే చేస్తుంటే తడిగుడ్డ మడిచి గిన్నె కింద పెట్టండి, గిన్నె తిరగకుండా ఉంటుంది. ఒకేసారి కుమ్మరిస్తే లోపల పొడిపిండి ఉండలు మిగిలిపోతాయి, అవి నూనెలో పేలతాయి.

మూడొంతుల పిండి పడేదాకా ధైర్యంగా వేయొచ్చు. ఆ తర్వాత గుప్పెడు వేసినప్పుడల్లా ఆగి చూడాలి. తెడ్డు ఎత్తితే ముద్ద తెడ్డుకు బిగుసుకుపోకుండా, బరువుగా, నెమ్మదిగా జారి పడాలి, పైన మెరుపు ఉండాలి. చపాతీ ముద్ద కన్నా బాగా మెత్తగా, ఇది అరిసె తట్టడానికి వస్తుందా అని అనుమానం కలిగేంత మెత్తగా ఉన్నప్పుడే ఆపేయండి. చల్లారేకొద్దీ పిండి తడిని పీల్చుకుని అరగంటలో గట్టిపడుతుంది. వేడి మీదే చపాతీ ముద్దలా ఉంటే చల్లారాక చేతికి లొంగదు. సాధారణంగా 50 నుంచి 80 గ్రాముల పిండి మిగులుతుంది. మిగలాలి కూడా. దాన్ని తడిగుడ్డ కింద జాగ్రత్తగా ఉంచండి, దాని అవసరం ముందుంది.

ఈ ముద్దనే చలిమిడి అంటాం. పైన చెంచా నెయ్యి రాసి, మూతపెట్టి, కనీసం ఒక గంట, వీలైతే రెండు గంటలు వదిలేయండి. తడి అంతటా సమంగా సర్దుకుంటుంది. రాత్రి కలిపి పొద్దున్న వండుకోవచ్చు కూడా.

వేయించడం

వెడల్పాటి మూకుడులో రెండంగుళాల లోతు నూనె పోసి కాచండి. చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకు పోయి, రెండు మూడు క్షణాలాగి పైకి తేలాలి. వేసిన వెంటనే తేలి రంగు మారితే నూనె మరీ కాగింది. అడుగునే కూర్చుంటే ఇంకా కాగాలి.

అన్నీ తట్టుకోవడానికి ముందు ఒక్కటంటే ఒక్క అరిసె వేసి చూడండి. ఈ ఒక్కటి మొత్తం వంటను కాపాడుతుంది. నూనెలో అంచులు విచ్చుకుని పొడిపొడిగా రాలితే పాకం లేతగా ఉంది, లేదా పిండి తగ్గింది. దాచిన తడిపిండిలో రెండు చెంచాలు చలిమిడికి కలిపి, బాగా మర్దించి, పది నిమిషాలాగి మళ్లీ ఒకటి వేయండి. ఇంకా విచ్చుకుంటే ఇంకొంచెం పిండి. విచ్చుకోకుండా కొంచెం పొంగి, చెక్కుచెదరకుండా నిలిస్తే మిగతావి మొదలుపెట్టండి.

చలిమిడిని పెద్ద నిమ్మకాయంత ఉండ చేసి, నూనె రాసిన అరటాకు మీద వేళ్లతో తట్టండి. అర సెంటీమీటరు మందం, అరచేయంత వెడల్పు. పలచగా తడితే అప్పడంలా కరకరలాడుతుంది, మందంగా తడితే లోపల పచ్చిగా ఉంటుంది. అంచులు పగులుతుంటే వేలికి నెయ్యి రాసుకుని అదమండి. ఆకుతో పాటు అరచేతిలోకి వంచుకుని, మూకుడు అంచు నుంచి నూనెలోకి మెల్లగా జార్చండి. పై నుంచి వేస్తే నూనె చిందుతుంది. ప్లాస్టిక్ కవరు మీద తట్టేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ కాగే నూనె దగ్గర అరటాకే భద్రం.

ఒకసారికి ఒకటి, మూకుడు పెద్దదైతే రెండు. మధ్యస్థ మంట. అరిసె అడుగుకు పోయి దానంతటదే పైకి తేలేదాకా గరిటె పెట్టొద్దు. ఆ మొదటి అరనిమిషంలో కదిపితే విరుగుతుంది. తేలాక పైన నూనె పోస్తూ, రెండోవైపు తిప్పి, రెండు వైపులా కలిపి ఒకటిన్నర, రెండు నిమిషాలు వేయించండి. మీకు కావలసిన రంగుకు ఒక మెట్టు ముందే తీసేయాలి. బెల్లం ఉన్నది కాబట్టి బయటికి తీశాక కూడా అరిసె ఎర్రబడుతుంది. నూనెలోనే ముదురు రంగు వచ్చేదాకా ఉంచితే చల్లారేసరికి నల్లబడి చేదు తగులుతుంది.

తీసిన వెంటనే నొక్కాలి. అరిసెలు నొక్కే చెక్కలుంటే మంచిదే, లేకపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి మూకుడు మీదే నొక్కండి, లోపలి నూనె ధారగా కారుతుంది. వేడిగా ఉన్నప్పుడు అరిసె మెత్తగా వంగుతుంది. నిమిషం ఆలస్యమైతే నూనె లోపలే ఉండిపోతుంది, అప్పుడు నొక్కితే అరిసె విరుగుతుంది. మరీ బలంగా నొక్కి చెక్కలా చేయకండి, లోపల పొర మిగలాలి.

ఎక్కడ తప్పుతుంది

అరిసె గట్టిగా వస్తే మూడు కారణాల్లో ఒకటి: పాకం ముదిరింది, పిండి ఎక్కువ పడింది, లేదా పిండి ఆరిపోయింది. చలిమిడి దశలోనే తెలిస్తే ఒకటి రెండు చెంచాల గోరువెచ్చని పాలు, చెంచా నెయ్యి చల్లి బాగా మర్దించండి. పాలు పడిన అరిసెలు తొందరగా తినేయాలి, నిలవ ఉండవు. పెద్ద మొత్తంలో బిగుసుకుపోతే గుప్పెడు బెల్లంతో లేత పాకం పట్టి, వేడిగా కలిపితే మళ్లీ లొంగుతుంది.

నూనె పీల్చుకుంటే ఎక్కువసార్లు తప్పు పాకానిదే, లేతగా దించేసి ఉంటారు. నూనె సరిగ్గా కాగకపోయినా అంతే. పైన ఎర్రగా వేగి లోపల తెల్లగా, పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది. ఇది సరిదిద్దడం తేలిక, మంట తగ్గించి తర్వాతది వేయండి. అరిసె అసలు పొంగకుండా బిస్కెట్‌లా ఉంటే పిండిలో తడి చాలలేదు. దానికి ఆ రోజు చేయగలిగింది తక్కువ, వచ్చేసారి బియ్యం ఆరబెట్టే సమయం తగ్గించండి.

ఎన్నిసార్లు పిండి కలిపినా నూనెలో విచ్చుకుంటూనే ఉంటే వేయించడం ఆపేయండి. చలిమిడి పారేయాల్సిన పదార్థం కానే కాదు. నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు కలిపితే అది సారెలో పంపేంత మర్యాద ఉన్న తీపి. మిగిలిన చలిమిడిని పిల్లలకు అలాగే పెట్టండి, అరిసెల కన్నా ముందు అదే అయిపోతుంది.

పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్లలో, బిడ్డను అరిసెల మీద నడిపించాలనుకుంటే ఆ నాలుగైదూ విడిగా, కాస్త మందంగా తట్టుకోండి. పూర్తిగా చల్లారాకే కింద పరవాలి, పైకి చల్లారినట్టున్నా లోపల బెల్లం వేడి చాలాసేపు ఉంటుంది.

నిలవ

నొక్కిన అరిసెలను ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. వెడల్పాటి పళ్లెంలో విడివిడిగా పరిచి, లోపలిదాకా చల్లారనివ్వండి, రెండు మూడు గంటలైనా పడుతుంది. వేడి మీద డబ్బాలో పెడితే మూతకు ఆవిరి పట్టి, ఆ చెమ్మతో నాలుగు రోజుల్లోనే బూజు వస్తుంది. తర్వాత పొడి స్టీలు డబ్బాలో పెట్టండి, తీసేటప్పుడు చేయి తడి లేకుండా ఉండాలి. పాలు కలపకపోతే రెండు మూడు వారాలు ఉంటాయి, ముదురు పాకంవి ఇంకొన్ని రోజులు ఎక్కువ. ఫ్రిజ్‌లో పెట్టకండి, గట్టిపడతాయి. వండిన రోజు అంచులు కొంచెం గట్టిగా అనిపించినా కంగారుపడి పిండిని తిట్టుకోవద్దు. రాత్రంతా డబ్బాలో ఉండి నెయ్యి, బెల్లం సర్దుకున్నాక, మర్నాడు పొద్దున్న తిని చూడండి.